నిర్వచనాలు వచ్చాయి, ప్రోగ్రాం రావడం లేదు: జావాలో క్లాసుల దగ్గర ఆగిపోయాను

పాలపుంత · ఆదివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. బీకాం చదివి పదమూడేళ్లయింది. మా ఊరి పాల కేంద్రంలో ఖాతాలు రాస్తాను. ఈ ఏడాది ఒక విశ్వవిద్యాలయం నడిపే ఆన్‌లైన్ డిగ్రీలో చేరాను. మొదటి ప్రోగ్రామింగ్ పేపరు పైథాన్‌లో బాగానే గడిచింది. ఇప్పుడు జావా. ఆరు వారాలయింది.

వారం వారం పెట్టే క్విజ్‌లలో నాకు ఎనభైకి తగ్గలేదు. ఎన్‌క్యాప్సులేషన్ అంటే ఏమిటని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ మొన్న శనివారం ప్రోగ్రాం రాసే పరీక్ష జరిగింది. ఒక గ్రంథాలయానికి కావలసిన క్లాసులు రాయమని నాలుగు వాక్యాల ప్రశ్న. ఖాళీ తెర ముందు నలభై నిమిషాలు కూర్చున్నాను. ఏ క్లాసుతో మొదలుపెట్టాలో, అందులో ఏమి ఉంచాలో ఒక్కటీ తోచలేదు. ఆ రోజు రాత్రి అన్నం సహించలేదు.

ఈ రోజు పట్టుదలతో నాకు తెలిసిన పనే తీసుకున్నాను. పాలు పోసే రైతు అని ఒక క్లాసు. పేరు, లీటర్లు, వెన్న శాతం. ముగ్గురి వివరాలు ఇచ్చి, ముగ్గురినీ ఒక లిస్టులో పెట్టి అచ్చు వేయమన్నాను. మూడుసార్లూ మూడో రైతు పేరే వస్తోంది. లీటర్లూ ఆయనవే. సాయంత్రం నుంచి చూస్తున్నాను, ఎక్కడ తప్పో కనిపించడం లేదు. ఇది నాకు వచ్చే విద్యేనా? పైథాన్‌తో సరిపెట్టుకోవాలా?

చుక్కలలెక్క · ఆదివారం, రాత్రి 11:05

అక్కా, రెండే ప్రశ్నలు. క్లాసులో పేరు, లీటర్లు అని రాసిన వరుసల ముందు స్టాటిక్ అని పెట్టారా? కొత్త రైతును సృష్టించే న్యూ వరుస లూప్ (అదే పనిని మళ్లీ మళ్లీ చేయించే భాగం) లోపల ఉందా, బయట ఉందా?

పాలపుంత · ఆదివారం, రాత్రి 11:20

స్టాటిక్ పెట్టాను తమ్ముడూ. మొదట పెట్టలేదు. స్టాటిక్ కాని వేరియబుల్‌ను (విలువ దాచే గడిని) స్టాటిక్ సందర్భం నుంచి వాడకూడదని కంపైలర్, అంటే కోడ్‌ను సరిచూసి యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాం, ఎర్రగీత చూపించింది. అన్నిటికీ స్టాటిక్ తగిలిస్తే గీత పోయింది. అదే సరైన పద్ధతి అనుకున్నాను. న్యూ అయితే లూప్‌కు పైన ఒక్కసారే రాశాను.

నల్లబల్ల · సోమవారం, ఉదయం 6:10

అమ్మా, నేను ప్రభుత్వ పాలిటెక్నిక్‌లలో ముప్పై ఏళ్లకు పైగా పాఠం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. మీరు చేసిన తప్పు నా దగ్గర ప్రతి తరగతిలోనూ సగం మంది చేసేవారు. ఎర్రగీత పోవడానికి ఏది పెట్టాలో వెతకడం సహజం. కానీ ఆ ఎర్రగీత మిమ్మల్ని ఒక మంచి ప్రశ్న అడిగింది. దానికి జవాబు చెప్పకుండా ప్రశ్ననే చెరిపేశారు. అది ఏ ప్రశ్నో మీ కేంద్రంలోనే చూపిస్తాను.

మీ దగ్గర అచ్చు వేయించిన ఖాళీ పాల కార్డుల కట్ట ఉంటుంది. పైన పేరు, సంఖ్య. కింద తేదీ, పూట, లీటర్లు, వెన్న శాతం అని గడులు. ఆ అచ్చు నమూనా క్లాసు. దానిలో ఎవరి పేరూ ఉండదు. కట్టలోంచి ఒక కార్డు తీసి ఒక రైతుకు రాసి ఇస్తే అది ఆబ్జెక్ట్. తీసి ఇవ్వడమే న్యూ. పేరూ సంఖ్యా రాయకుండా కార్డు గడప దాటకూడదని మీరు నియమం పెట్టుకుంటే, ఆ నియమం కన్‌స్ట్రక్టర్. కార్డు రైతు చేతికి ఇచ్చినా అంకెలు మాత్రం మీరే వేస్తారు, ఆయన దిద్దుకోకూడదు. మీరు కంఠస్థం చేసిన ఎన్‌క్యాప్సులేషన్ అదే.

ఇక స్టాటిక్. మీ కేంద్రం గోడకు ఒక పలక ఉంటుంది. రైతులు నలభై మంది ఉన్నా పలక ఒకటే. మీరు రైతు పేరును కార్డు మీద రాయకుండా పలక మీద రాశారు. రెండో రైతు రాగానే మొదటి పేరు తుడిచారు, మూడో ఆయన రాగానే రెండోది తుడిచారు. చివరికి ఏ కార్డు అడిగినా మీ ప్రోగ్రాం పలక వైపు చూసి చదువుతోంది.

కంపైలర్ అడిగింది ఇది: మెయిన్ అనే మెథడ్, అంటే ప్రోగ్రాం మొదలయ్యే పనుల ముక్క, ఏ కార్డుకూ చెందినది కాదు, అది గోడకు చెందినది. అక్కడ నిలబడి పేరు అచ్చు వేయి అంటే, ఎవరి పేరు అని అడుగుతుంది. ఫలానా రైతు పేరు అని చెప్పాలి. అంటే ముందు ఒక కార్డు తీయాలి, ఆ కార్డు పట్టుకుని, చుక్క పెట్టి, పేరు అడగాలి. స్టాటిక్ తీసేయండి. ఎర్రగీతలు మళ్లీ వస్తాయి. ఒక్కొక్క దాని దగ్గర ఆగి 'ఎవరిది?' అని మీరే అడగండి.

పాలపుంత · సోమవారం, రాత్రి 9:30

మాస్టారూ, మీకు వేయి దండాలు. సాయంత్రం పూట పాలు పోయించుకుని వచ్చి కూర్చున్నాను. స్టాటిక్‌లు తీసేశాను. పదకొండు ఎర్రగీతలు వచ్చాయి. ప్రతిదాని దగ్గరా ఎవరిది అని అడిగాను. అన్నీ పోయాయి.

అయినా ముగ్గురి చోటా మూడో రైతే వస్తున్నాడు! కొద్దిసేపు ఏడుపు వచ్చింది. తర్వాత చుక్కలలెక్క తమ్ముడు అడిగిన రెండో ప్రశ్న గుర్తొచ్చింది. కాగితం మీద కార్డు గీసి, ఒక్కొక్క వరుస చదువుతూ ఏమి జరుగుతోందో పెన్సిల్‌తో రాశాను. లూప్ పైన న్యూ ఒక్కసారే ఉంది, అంటే కార్డు ఒక్కటే తీశాను. దాని మీద మొదటి పేరు రాసి లిస్టులో వేశాను. అదే కార్డు చెరిపి రెండో పేరు రాసి మళ్లీ వేశాను. లిస్టులో మూడు గడులు ఉన్నాయి, మూడూ ఒకే కార్డును చూపిస్తున్నాయి. న్యూ వరుసను లూప్ లోపలికి మార్చాను. ముగ్గురు రైతులు మూడు వరుసల్లో వచ్చారు. మా అబ్బాయిని పిలిచి చూపించాను.

నల్లబల్ల · మంగళవారం, ఉదయం 5:55

అది మీరే కనిపెట్టినందుకు నాకు ఎంతో సంతోషంగా ఉంది. ఒక్క మాట చేరుస్తాను. లిస్టు గడిలో ఉండేది కార్డు కాదు, కార్డు ఎక్కడ ఉందో చెప్పే చీటీ. వేరియబుల్‌లో ఉండేదీ చీటీయే. ఒక వేరియబుల్‌ను మరో దానికి ఇస్తే చీటీకి నకలు తయారవుతుంది, కార్డుకు కాదు. జావాలో దీన్ని రిఫరెన్స్ అంటారు. పైథాన్‌లో కూడా ఇదే సంగతి, అక్కడ మీకు ఇంతవరకు తగలలేదు, అంతే. ఈ వారం మరేమీ చదవకపోయినా ఫరవాలేదు, రోజూ నాలుగు బొమ్మలు గీయండి. గళ్లు, బాణాలు.

చుక్కలలెక్క · మంగళవారం, ఉదయం 8:15

బొమ్మలు గీయడానికి పైథాన్ ట్యూటర్ అనే ఉచిత సైటు ఉంది అక్కా. పేరు పైథాన్ అయినా జావా కోడ్ కూడా తీసుకుంటుంది. ఒక్కొక్క వరుస నడిపిస్తూ గళ్లు, బాణాలు అదే గీసి చూపుతుంది. బ్లూజే అనే ఎడిటర్ కూడా చూడండి, అది కూడా ఉచితమే, విద్యార్థుల కోసమే తయారుచేశారు. క్లాసులు డబ్బాల్లా కనిపిస్తాయి. డబ్బా మీద నొక్కి మెయిన్ రాయకుండానే ఆబ్జెక్ట్ చేయవచ్చు. అది తెర కింది భాగంలో ఎర్ర డబ్బాగా కూర్చుంటుంది. దాని మెథడ్‌లను ఒక్కొక్కటిగా పిలిచి చూడవచ్చు. నాకు మొదటి ఏడాది క్లాసుకు, ఆబ్జెక్టుకు తేడా కళ్లకు కనిపించింది అందులోనే.

మంచుదారి · మంగళవారం, మధ్యాహ్నం 1:40

నేను ఫిన్లాండ్‌లో ఉద్యోగం చేస్తున్నాను, సొంత ఊరు విజయనగరం. పాలపుంత గారి మొదటి ప్రశ్నకు, అంటే ఖాళీ తెర భయానికి, నాకు తెలిసిన మందు చెబుతాను.

హెల్సింకీ విశ్వవిద్యాలయం 2012 నుంచి తన ప్రోగ్రామింగ్ కోర్సును ఆన్‌లైన్‌లో అందరికీ తెరిచింది. ఇంగ్లీషులో జావా కోర్సు పూర్తిగా ఉచితం. మొత్తం 14 భాగాలు, మొదటి ఏడు ఒక కోర్సు, తర్వాతి ఏడు రెండో కోర్సు. వీడియోలు చూస్తూ కూర్చునే పద్ధతి కాదు. ఒక పేజీ చదవగానే ఒక చిన్న లెక్క, మరో పేజీకి మరో లెక్క. మీరు రాసినదాన్ని యంత్రం వెంటనే పరీక్షించి ఎక్కడ తేడా ఉందో చెబుతుంది. ఆబ్జెక్టులు నాలుగో భాగంలో మొదలవుతాయి, రిఫరెన్స్‌లు ఐదో భాగంలో. ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాసు గుణాలు మరో క్లాసుకు వారసత్వంగా రావడం), ఇంటర్‌ఫేస్‌లు (ఏ మెథడ్‌లు ఉండాలో మాత్రమే చెప్పే ఒప్పందాలు) తొమ్మిదో భాగం దాకా కనిపించవు. నాకు ఆ వరుస చాలా నచ్చింది. ముందు ఒక్క క్లాసును చేతికి అలవాటు చేస్తారు, క్లాసుల మధ్య చుట్టరికాలు తర్వాత.

నేను వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివినప్పుడు మొదటి వారంలోనే జంతువు, కుక్క, పిల్లి అంటూ ఇన్‌హెరిటెన్స్ చెప్పారు. కుక్క అరుస్తుంది, పిల్లి అరుస్తుంది. పరీక్షలో రాశాను, మార్కులు వచ్చాయి. ఉద్యోగంలో చేరిన రెండేళ్లకు గాని అసలు క్లాసు ఎందుకు రాయాలో నాకు తెలియలేదు.

రాత్రిబడి · బుధవారం, తెల్లవారుజామున 3:20

పాలపుంత గారూ, నేనూ ఉద్యోగం చేస్తూ చదువుతున్నాను, ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ. రాత్రి షిఫ్టు. అక్కడ పైథాన్ ఫౌండేషన్ స్థాయిలో, జావా డిప్లొమా స్థాయిలో వస్తాయి. జావా పాఠాలు చెప్పేది చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన మాధవన్ ముకుంద్ గారు. ఆ వీడియోలు యూట్యూబ్‌లో ఎవరైనా చూడవచ్చు. ఏదైనా సూత్రం ఎందుకు పుట్టిందో ముందు చెప్పి, తర్వాత జావా వ్యాకరణం చెబుతారు.

మీ క్విజ్ మార్కుల గురించి ఒక మాట. నేను ఇంతకుముందు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో ఐఐటీ ఖరగ్‌పూర్ వారి జావా కోర్సు పూర్తి చేశాను. పన్నెండు వారాలు. అక్కడ వారం వారం అసైన్‌మెంట్లకు ఉండేది 25 శాతమే, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75. నాలుగు జవాబుల్లో సరైనదాన్ని గుర్తుపట్టడం వేరు, ఏమీ లేని చోట మొదటి వరుస రాయడం వేరు. నేను ఆ రెంటినీ ఒకటే అనుకుని ఒక టర్మ్ పోగొట్టుకున్నాను. తర్వాత ఒక నియమం పెట్టుకున్నాను. పాఠంలో చూపించిన ప్రోగ్రాంను వీడియో మూసేసి, మరుసటి రోజు, ఏమీ చూడకుండా మొదటినుంచి రాయాలి. రాకపోతే మళ్లీ చూడాలి, మళ్లీ మూసి రాయాలి. బ్యాంకు ఖాతా ప్రోగ్రాంను నేను ఐదుసార్లు రాశాను. మొదటిసారి గంటన్నర పట్టింది, ఐదోసారి పన్నెండు నిమిషాలు.

తుంగభద్ర · బుధవారం, ఉదయం 10:05

హైదరాబాద్‌లో పద్నాలుగేళ్లుగా జావా రాస్తున్నాను, కర్నూలు వాణ్ని. ఈ తొలి తప్పుకు విద్యార్థిని తప్పుపట్టలేం. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ జావాను విడుదల చేసినప్పటినుంచి మొదటి పాఠంలోనే పబ్లిక్, స్టాటిక్, వాయిడ్, మెయిన్ అని నాలుగు ముక్కలు రాయించి, అర్థం తర్వాత చెబుతాం అంటూ వచ్చారు. అర్థం తెలియని స్టాటిక్‌ను ఆరు వారాలు రాసిన చేయి ఏడో వారంలో అన్నిటికీ అదే రాస్తుంది. 2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25లో ఆ అవసరం తీసేశారు. చిన్న ప్రోగ్రాంకు క్లాసు పేరూ స్టాటిక్‌లూ లేకుండా నేరుగా మెయిన్ రాసుకోవచ్చు. ముప్పై ఏళ్లు ఆలస్యమైనా మంచి పని. మీ పరీక్షలో ఏ జావా వెర్షన్ వాడతారో చూసుకోండి, పాతదైతే పాత పద్ధతే రాయాలి.

ఇంకో మాట. ఆవుపాలు, గేదెపాలు అని రెండు క్లాసులు రాసి పాలు అనే క్లాసుకు పిల్లల్ని చేయాలని మీకు త్వరలోనే అనిపిస్తుంది. ఆగండి. రెండింటికీ తేడా ధర మాత్రమే అయితే దానికి క్లాసులు అక్కరలేదు, రకం అని ఒక గడి చాలు.

పాలపుంత · బుధవారం, రాత్రి 9:50

తుంగభద్ర గారూ, నిన్న రాత్రే అలా రాశాను! ఆవుపాలు, గేదెపాలు, రెండూ పాలు నుంచి పుట్టినవి. మా దగ్గర గేదెపాలకు వెన్నను బట్టి ధర కడతారు. ఆవుపాలకు వెన్న ఒక వైపు, వెన్న కాని ఘనపదార్థాలు మరో వైపు ఉన్న పట్టిక చూసి కడతారు. అంటే లెక్కించే పద్ధతే వేరు. అప్పుడు కూడా గడి చాలా?

తుంగభద్ర · బుధవారం, రాత్రి 10:30

అది నాకు తెలియదు, మంచి వివరం చెప్పారు. పద్ధతే వేరైతే నా సలహా మారుతుంది. ధర కట్టేవాడు అని ఒక ఇంటర్‌ఫేస్ రాయండి, అందులో ఒకే ఒక మెథడ్. వెన్నతో కట్టేది ఒక క్లాసు, పట్టికతో కట్టేది మరో క్లాసు. పాలు మాత్రం పాలుగానే ఉంటాయి. రేపు మీ కేంద్రం ధర కట్టే పద్ధతి మారిస్తే పాల క్లాసును ముట్టుకోనక్కరలేదు. ఇన్‌హెరిటెన్స్‌తో కట్టిన పాత ప్రోగ్రాములను విప్పడానికి నా ఉద్యోగంలో ఎన్నో రాత్రులు పోయాయి, అందుకే గట్టిగా చెబుతున్నాను.

నల్లబల్ల · గురువారం, ఉదయం 6:30

తుంగభద్ర గారి ఇంటర్‌ఫేస్ సలహా సరైనదే. కానీ ఇన్‌హెరిటెన్స్‌ను ఇలా పక్కకు నెట్టడం నాకు సమ్మతం కాదు. దాని పుట్టుక చూడండి. 1960ల్లో నార్వేలో, ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలే-యోహాన్ డాల్, క్రిస్టెన్ న్యూగార్డ్ అనే ఇద్దరు నిజ ప్రపంచపు పనులను కంప్యూటర్‌లో నడిపి చూడాలనుకున్నారు. వరుసలో నిలబడే మనుషులు, కదిలే వాహనాలు. వేర్వేరు వస్తువులకు ఉమ్మడిగా ఉండే గుణాలను మళ్లీ మళ్లీ రాయకుండా ఉండటానికి దారి వెతికారు. అలా సిములా 67 అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చింది. క్లాసు, దానికి ఉపక్లాసు అన్న ఆలోచన అందులోనిది. ఆ కృషికే కంప్యూటర్ రంగంలో పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డును 2001కి ఇద్దరికీ ఇచ్చారు. అదేదో అలంకారానికి చేర్చిన వస్తువు కాదు.

పాలపుంత గారూ, ఒక పని చేయండి. ఒక రైతు ఆబ్జెక్టును నేరుగా అచ్చు వేయించి, ఏమి వస్తుందో చెప్పండి.

పాలపుంత · గురువారం, మధ్యాహ్నం 2:15

క్లాసు పేరు, దాని పక్కన ఒక గుర్తు, తర్వాత అంకెలు అక్షరాలు కలిసిన ఏదో సంఖ్య వచ్చింది. పేరు రాలేదు.

నల్లబల్ల · గురువారం, మధ్యాహ్నం 3:00

ఆ వరుసను మీరు రాయలేదు కదా. మరి ఎక్కడినుంచి వచ్చింది? జావాలో ప్రతి క్లాసుకూ మూలపురుషుడు ఆబ్జెక్ట్ అనే క్లాసు. మీరు చెప్పకపోయినా మీ రైతు ఆ వంశమే. టూస్ట్రింగ్ అనే మెథడ్ ఆయన నుంచి వచ్చిన ఆస్తి. మీ క్లాసులో అదే పేరుతో మెథడ్ రాసి, సంఖ్య, పేరు, లీటర్లు తిరిగి ఇవ్వమని చెప్పండి. ఇక అచ్చు వేసినప్పుడు మీదే వస్తుంది. దాన్ని ఓవర్‌రైడ్ చేయడం అంటారు. కుక్కలూ పిల్లులూ లేకుండా ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం (ఒకే పిలుపుకు ఒక్కో క్లాసు తన పద్ధతిలో జవాబివ్వడం) రెండూ మీ చేతికి వచ్చాయి.

తుంగభద్ర · గురువారం, సాయంత్రం 6:20

మాస్టారూ, ఈ ఉదాహరణకు నమస్కారం. మా బృందంలో కొత్తగా చేరే పిల్లలకు ఇకనుంచి ఇలాగే చెబుతాను. సొంత క్లాసుల మధ్య వారసత్వం పెట్టేముందు రెండుసార్లు ఆలోచించాలన్న నా మాట మాత్రం వెనక్కి తీసుకోను.

పాలపుంత · శుక్రవారం, రాత్రి 10:10

టూస్ట్రింగ్ పనిచేసింది. ఇప్పుడు మరో చిక్కు. పేరు టైపు చేస్తే ఆ రైతును లిస్టులో వెతకాలి. రెండు సమానం గుర్తులతో పోల్చాను. కోడ్‌లోనే పేరు రాసి పోలిస్తే దొరుకుతున్నాడు, కీబోర్డు నుంచి అదే పేరు ఇస్తే దొరకడం లేదు. అక్షరం కూడా తేడా లేదు.

చుక్కలలెక్క · శుక్రవారం, రాత్రి 10:25

మాస్టారు చెప్పిన చీటీలే అక్కా. రెండు సమానం గుర్తులు చీటీలను పోలుస్తాయి, రాసిన మాటలను పోల్చవు. కోడ్‌లో రాసిన ఒకే పదాన్ని జావా ఒక్కచోటే దాచుకుంటుంది, అందుకని చీటీలు కలిశాయి. కీబోర్డు నుంచి వచ్చింది కొత్త ఆబ్జెక్ట్, దాని చీటీ వేరు. ఈక్వల్స్ అనే మెథడ్ వాడండి. అయినా పేరుతో వెతకకండి, ఊళ్లో ఒకే పేరుతో ఇద్దరు ఉంటారు.

పాలపుంత · శుక్రవారం, రాత్రి 10:40

ఇద్దరు కాదు, మా ఊళ్లో ఒకే పేరుతో నలుగురు ఉన్నారు. అందుకే కార్డుకు సంఖ్య వేస్తాం. పదకొండేళ్లుగా చేస్తున్న పని, ప్రోగ్రాంలో పెట్టాలని తోచలేదు. సంఖ్యతో వెతికేలా మార్చేస్తాను.

రాత్రిబడి · శనివారం, తెల్లవారుజామున 2:50

దీని మీద నాకూ ఒక మాట ఉంది. తోచకపోవడానికి సగం కారణం భాష అని నా అనుభవం. నేను పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం. ఇంగ్లీషు పేర్లతో క్లాసులు రాస్తున్నంతకాలం పుస్తకంలోని ప్రపంచమే కనిపించేది, నాకు తెలిసింది గుర్తుకు వచ్చేది కాదు. జావాలో క్లాసులకు, వేరియబుల్స్‌కు తెలుగు లిపిలోనే పేర్లు పెట్టవచ్చు. పైథాన్ 3లో కూడా కుదురుతుంది. జావా 18 నుంచి తెలుగు వంటి లిపులను దాచే యూటీఎఫ్-8 పద్ధతి తనంతట తానే ఉంటుంది కాబట్టి ఫైలు దాచడంలోనూ ఇబ్బంది తక్కువ. ఇంట్లో ఆలోచించుకునే ముసాయిదాను నేను తెలుగు పేర్లతోనే రాస్తాను. సమర్పించేముందు ఇంగ్లీషు పేర్లకు మారుస్తాను. ఎడిటర్‌లో పేరు మార్చే సదుపాయం ఉంటుంది, నిమిషంలో అయిపోతుంది.

మంచుదారి · శనివారం, మధ్యాహ్నం 12:30

డబ్బును డబుల్‌లో, అంటే దశాంశ సంఖ్యలు దాచే రకంలో, ఉంచారా, పాలపుంత గారూ? ఉంచితే ఇప్పుడే మార్చండి. 0.1, 0.2 కూడి అచ్చు వేయించి చూడండి, 0.30000000000000004 వస్తుంది. 0, 1 అనే రెండే అంకెలతో లెక్కించే కంప్యూటర్ ఆ భిన్నాలను సరిగ్గా దాచలేదు. రైతు డబ్బు కాబట్టి పైసల్లో, పూర్ణసంఖ్యగా దాచండి. చూపించేటప్పుడు మాత్రం రూపాయలు చేయండి.

పాలపుంత · ఆదివారం, రాత్రి 9:15

సరిగ్గా వారమయింది. ఈ రోజు పదిహేను రోజుల బిల్లు కట్టే రోజు. చేతితో ఎప్పటిలాగే కట్టాను, ప్రోగ్రాంతోనూ కట్టాను. నలభై ఒక్క మంది రైతులు, రెండు పూటలు. ముప్పై తొమ్మిది మందివి కలిశాయి. ఇద్దరివి కలవలేదు. ఒకరిది మంచుదారి గారు చెప్పిన పైసల తేడా, ఒకచోట డబుల్ మార్చడం మరిచాను. రెండోది నా పుస్తకంలో తప్పు. ఒక ముసలమ్మ సాయంత్రం పాలు రెండు లీటర్లు ఒక రోజు కూడికలో వదిలేశాను. ఆమెకు రావలసిన డబ్బు రేపు పొద్దున ఇంటికి వెళ్లి ఇచ్చి వస్తాను.

గ్రంథాలయం ప్రశ్న కూడా మళ్లీ రాశాను, ఏమీ చూడకుండా. పుస్తకం, సభ్యుడు, అరువు అని మూడు క్లాసులు. యాభై నిమిషాలు పట్టింది. తిరిగి పరీక్ష రాసే అవకాశం వచ్చే నెలలో ఉంది.

ఒక్క సందేహం. ప్రోగ్రాం మూసేస్తే రైతులంతా పోతున్నారు. రేపు మళ్లీ నలభై ఒక్కరినీ టైపు చేయాలా?

చుక్కలలెక్క · ఆదివారం, రాత్రి 9:40

అక్కర్లేదు అక్కా, ఫైలులో దాచవచ్చు. దాని మీద వేరే చర్చ మొదలుపెట్టండి, నేను నా పాత కోడ్ తీసి ఉంచుతాను. ఈలోపు ఒక్కటి ఆలోచించి పెట్టుకోండి: ఒక కార్డును ఒక్క వరుసలో రాయాలంటే ఏ గడి తర్వాత ఏ గడి రాస్తారు?